కుక్క నోరు తెరవలేకపోతుంటే ఏం చేయాలి: ఎంఎంఎం అనే దవడ కండరాల జబ్బు

ముందు ఒక్క మాట చెప్పేస్తా, మిగతాదంతా తర్వాత నిదానంగా చదువుకోండి. మీ కుక్క నోరు తెరవలేకపోతోంది, తెరవబోతే కుయ్యోమంటోంది అంటే ఆ నోరు మీరు బలవంతంగా తెరవొద్దు, ఇంకెవర్నీ తెరవనివ్వొద్దు. లోపల ఎముక ఇరుక్కుందేమో చూద్దాం అని ఇద్దరు పట్టుకుని ఒకరు దవడ లాగడం మన దగ్గర చాలా మామూలుగా జరిగే పని. దాని వల్ల దవడ కీలు జారిపోవచ్చు, ఎముక విరగొచ్చు, అప్పటికే వాచి ఉన్న కండ ఇంకా చిట్లిపోతుంది. మత్తిచ్చి లాగినా అంతే, ఎందుకంటే ఈ జబ్బులో మత్తిచ్చినా సరే నోరు తెరుచుకోదు, అది భయంతోనో మొండితనంతోనో మూసుకున్న నోరు కాదు కాబట్టి.

ఈ జబ్బు పేరు మాస్టికేటరీ మజిల్ మయోసైటిస్, డాక్టర్లు పొట్టిగా ఎంఎంఎం అంటారు. అంటే నమిలే కండరాల్లో వాపు. మా ఇంట్లో జర్మన్ షెపర్డ్ పిల్లకి వచ్చింది, అప్పట్నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతూ, ఇదే జబ్బున్న కుక్కల వాళ్లతో మాట్లాడుతూ ఉన్నా, అందుకే రాస్తున్నా. తెలుగులో దీని గురించి వెతికితే ఏమీ దొరకదు, ఈలోపు కుక్కకి పంటి నొప్పి అనుకుని వారాలు గడిచిపోతాయి, ఈ జబ్బులో పోగొట్టుకోకూడనిది సరిగ్గా ఆ మొదటి వారాలే.

అసలు లోపల ఏం జరుగుతుందంటే

కుక్క నమలడానికి వాడే కండరాలు కొన్ని ఉంటాయి, నెత్తి మీద రెండు వైపులా కణతల దగ్గర ఉండే టెంపొరాలిస్, బుగ్గ వెనక ఉండే మాసెటర్, కంటి కింద లోపలగా ఉండే టెరిగాయిడ్ కండరాలు. వీటి పీచు కుక్క ఒంట్లో కాళ్లలోనో వీపులోనో ఉండే కండల పీచు లాంటిది కాదు, టైప్ 2ఎం అని వేరే రకం, ఈ నమిలే కండల్లోనే ఉంటుంది. కుక్క ఒంట్లోని రోగనిరోధక శక్తి ఈ 2ఎం పీచునే శత్రువు అనుకుని దానికి యాంటీబాడీలు తయారుచేసి దాడి చేస్తుంది. అందుకే కుక్క బాగానే నడుస్తుంది, పరిగెడుతుంది, తోక ఊపుతుంది, ఆకలీ ఉంటుంది, కానీ నోరు మాత్రం తెరవలేదు. నాకైతే ఈ ఒక్క విషయం తెలిశాకే జబ్బు మొత్తం అర్థమైంది.

ఇది రెండు దశల్లో కనిపిస్తుంది. మొదటి దశలో కండలు వాస్తాయి, తల పెద్దగా బుగ్గలు ఉబ్బినట్టు కనబడుతుంది, ముట్టుకుంటే నొప్పి, కళ్లు కాస్త బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి (కంటి వెనకున్న కండ వాచి గుడ్డుని ముందుకి నెట్టడం వల్ల), చొంగ కారుతుంది, జ్వరం రావచ్చు, దవడ కింద గడ్డల్లా తగలొచ్చు. వాపు మరీ ఎక్కువైతే కంటి నరం సాగి చూపు పోయే ప్రమాదం కూడా ఉంది. ఈ దశ రెండు మూడు వారాలుండి దానంతట అదే తగ్గినట్టు అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, హమ్మయ్య తగ్గింది అనుకుంటారు. తగ్గింది వాపు మాత్రమే, దాడి ఆగలేదు. ఆ తర్వాత వచ్చేది రెండో దశ, కండ కరిగిపోయి దాని స్థానంలో మచ్చ కట్టిన గట్టి నారలాంటి కణజాలం వస్తుంది, కణతల దగ్గర గుంటలు పడి నెత్తి మీద ఎముక గట్టు తేలి తల పుర్రెలాగా కనబడుతుంది, కళ్లు లోపలికి పోతాయి. పాతరోజుల్లో ఈ రెండూ రెండు వేరువేరు జబ్బులు అనుకుని ఒకదాన్ని ఇయోసినోఫిలిక్ మయోసైటిస్ అని, ఇంకోదాన్ని అట్రోఫిక్ మయోసైటిస్ అని పిలిచేవాళ్లు, ఒకటే జబ్బు అని తర్వాత తెలిసింది.

వాపుని మందు తగ్గిస్తుంది. మచ్చ కట్టిన కండని ఏ మందూ వెనక్కి తీసుకురాలేదు. వైద్యం తొందరగా మొదలుపెట్టమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇంట్లో మీరు కనిపెట్టాల్సినవి

నోట్లో చెయ్యి పెట్టక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు. ఆవలించేటప్పుడు సగంలో ఆగిపోతోందా, ఆవలించి వెంటనే మూలిగిందా. ఎప్పుడూ నోట కరుచుకుని తెచ్చే బంతిని ముక్కుతో నెట్టి వదిలేస్తోందా. గిన్నె దగ్గరికి ఆత్రంగా వచ్చి వాసన చూసి, తినబోయి మానేసి మీ మొహం వైపు చూస్తోందా. గట్టి బిస్కెట్ వదిలేసి పెరుగన్నం నాకుతోందా. ముద్ద నోట్లోంచి జారి కింద పడుతోందా. తల నిమిరితే, ముఖ్యంగా చెవుల ముందు భాగంలో, పక్కకి జరుగుతోందా లేదా ఎప్పుడూ లేనిది గుర్రుమంటోందా. మంచి కుక్క ఒక్కసారిగా కోపిష్టిది అయిందంటే చాలాసార్లు కారణం నొప్పే.

నేను గట్టిగా చెప్పేది ఫోటోల గురించి. కుక్క తలని ఎదురుగా ఒకటి, పైనుంచి ఒకటి, రెండు పక్కల నుంచి చెరొకటి తీసి పెట్టుకోండి, పాత ఫోటోలతో పక్కపక్కన పెట్టి చూడండి. రోజూ చూసే మన కంటికి కణతలు గుంటపడటం తెలియదు, ఆర్నెల్ల కిందటి ఫోటో పక్కన పెడితే వెంటనే తెలిసిపోతుంది. డాక్టర్‌కి కూడా అది చాలా పనికొస్తుంది.

ఏ కుక్కకైనా రావచ్చు గానీ పెద్ద జాతుల్లో, వయసులో ఉన్న కుక్కల్లో ఎక్కువ. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మాన్, రాట్‌వైలర్, అంటే మన ఊళ్లలో ఇళ్లల్లో ఎక్కువ కనబడేవే. కావలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ అనే చిన్న జాతిలో అయితే మూడు నెలల కూనలకి కూడా వస్తుంది.

ఇది అదేనా, ఇంకోటా?

ఇది చాలా జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నోటి సమస్య, చొంగ అనగానే మన దేశంలో మొట్టమొదట మనసులోకి రావాల్సింది రేబిస్. కుక్కకి వ్యాక్సిన్లు సరిగ్గా పడకపోయినా, ఈమధ్య వీధికుక్క ఏదైనా కరిచినా, చొంగ కారుతూ మింగలేకపోతున్నా, ప్రవర్తన మారిపోయినా దాని నోటి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లకండి, పిల్లల్ని దూరంగా ఉంచి డాక్టర్‌కి ఫోన్ చేసి విషయం ముందే చెప్పండి. పక్షవాతం రకం రేబిస్‌లో దవడ కిందికి వేలాడిపోతుంది. ఎంఎంఎంలో దానికి సరిగ్గా వ్యతిరేకంగా దవడ బిగుసుకుపోతుంది. అయినా ఆ తేడా మీరే తేల్చేసుకుని ధైర్యం చేయొద్దు, అది డాక్టర్ చూసి చెప్పాల్సిన విషయం. చొంగ మీ చేతి గాయం మీద పడిందా, 15 నిమిషాలు సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

నోరు వేలాడిపోయి మూయలేకపోవడం అనేది ట్రైజెమినల్ న్యూరైటిస్ అనే నరాల సమస్యలో కూడా వస్తుంది, అది సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ధనుర్వాతం అయితే పళ్లు గిట్టకరిచినట్టు ఉంటాయి గానీ దాంతో పాటు చెవులు నిక్కబొడుచుకుని నుదురు ముడతలు పడి ఒళ్లంతా కర్రలా బిగుసుకుంటుంది, ఒంటి మీద ఎక్కడో గాయం ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క కన్నే పొడుచుకొచ్చి నోరు తెరిస్తే నొప్పి అంటే కంటి వెనక చీముగడ్డ అయ్యుండొచ్చు, పుల్ల నమిలే అలవాటున్న కుక్కల్లో ఇది వస్తుంది. ఎంఎంఎం సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, ఒక్కోసారి ఒక వైపు ఎక్కువగా కనబడొచ్చు. పంటి వేరు దగ్గర చీము, దవడ కీలు సమస్య, పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కున్న ఎముక, ఇవన్నీ కూడా లిస్టులో ఉంటాయి. నడక కూడా బిగుసుకుపోయి, కాళ్లు నీరసించి, తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేస్తుంటే అది ఒళ్లంతా కండలకి వచ్చే పాలీమయోసైటిస్ కావచ్చు, దానికి చూసే పద్ధతి వేరు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు

ఒక విషయం మొదటి నిమిషంలోనే అడగండి: సార్, స్టెరాయిడ్ ఇవ్వకముందే రక్తం తీసి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు) దాచగలరా? ఈ జబ్బుకి ఇచ్చే ప్రధానమైన మందు స్టెరాయిడే. ముందే రక్తం ఎందుకంటే ఈ జబ్బుని పక్కాగా చెప్పే టెస్టు 2ఎం యాంటీబాడీ టెస్టు, రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూస్తుంది. అందులో పాజిటివ్ వస్తే ఇక దాదాపు అనుమానం అక్కర్లేదు, జబ్బున్న వాటిలో పదింట ఎనిమిదో తొమ్మిదో పాజిటివ్ వస్తాయి. కానీ వారం పది రోజులు స్టెరాయిడ్ వాడాక చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు, కండ మొత్తం కరిగిపోయాక చేసినా అంతే. ఈ టెస్టుకి పేరున్న ల్యాబ్ అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఉంది, అమెరికాలో ఉండే మనవాళ్లకి వాళ్ల వెట్ పంపించేస్తారు. ఇక్కడి నుంచి పంపడం అందరికీ కుదిరే పని కాదు, అప్పుడు దారి బయాప్సీ. కణత దగ్గరో బుగ్గ దగ్గరో చిన్న కండముక్క తీసి పరీక్షకి పంపుతారు. కణత మీద పైనే పల్చటి నుదుటి కండ ఒకటి ఉంటుంది, పొరపాటున దాన్నే తీస్తే రిపోర్టు నార్మల్ వస్తుంది, కాబట్టి ఇది చేసిన అనుభవం ఉన్న సర్జన్ అయితే మంచిది. బయాప్సీతో ఇంకో లాభం ఉంది, ఎంత కండ మిగిలింది, ఎంత మచ్చ కట్టింది అనేది కూడా తెలుస్తుంది, దాన్నిబట్టి ఎంతవరకు కోలుకుంటుందో అంచనా వేయొచ్చు.

మామూలు రక్తపరీక్షల్లో సీకే అనే ఎంజైమ్ చూడమనండి, కండ దెబ్బతింటే అది పెరుగుతుంది. అయితే సీకే నార్మల్‌గా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. దాంతో పాటు గోమార్ల వల్ల వచ్చే జ్వరాల టెస్టు, అంటే ఎర్లిషియా, బబీసియా, హెపటోజూన్ లాంటివి, తప్పకుండా చేయించండి. మన వాతావరణంలో పేలు, గోమార్లు లేని కుక్క అరుదు, లోపల ఆ ఇన్ఫెక్షన్ ఉండగా పెద్ద డోసు స్టెరాయిడ్ పడితే ప్రాణం మీదకి వస్తుంది, పైగా కొన్ని ఇన్ఫెక్షన్లు వాటంతట అవే కండల్లో వాపు తెప్పిస్తాయి. సీటీ గానీ ఎమ్మారై గానీ అందుబాటులో ఉంటే కండల పరిస్థితి, కంటి వెనక ఏముంది అన్నీ స్పష్టంగా తెలుస్తాయి.

మీ వీధి చివర క్లినిక్‌లో ఈ పేరు విననట్టు కనిపిస్తే బాధపడకండి, అరుదైన జబ్బే కదా. పశువైద్య కాలేజీల ఆసుపత్రికి రిఫర్ చేయమని మర్యాదగా అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో కాలేజీలు ఉన్నాయి, నెల్లూరు చిత్తూరు వైపు వాళ్లకి చెన్నైలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ కూడా దగ్గరే. వెళ్లేటప్పుడు ఫోటోలు, పాత రిపోర్టులు, ఇప్పటివరకు వేసిన ఇంజెక్షన్ల పేర్లు అన్నీ రాసుకుని వెళ్లండి. ఏ ఇంజెక్షన్ వేశారో తెలియదు అంటే పై డాక్టర్‌కి చాలా ఇబ్బంది.

మత్తు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. దేనికోసమైనా సరే, స్టెరిలైజేషన్ కోసమైనా పళ్ల క్లీనింగ్ కోసమైనా, మత్తు ఇచ్చే ముందు ఈ కుక్క నోరు పూర్తిగా తెరుచుకోదు అని చెప్పాలి. గొంతులో ట్యూబ్ వేయడం కష్టమవుతుంది, దానికి వాళ్లు ముందే సిద్ధంగా ఉండాలి.

మందులు: తొందరగా మొదలు, నిదానంగా ఆపడం

వైద్యం ప్రధానంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మెడికల్ షాపుల్లో వైసొలోన్ లాంటి పేర్లతో దొరికేది అదే. మొదట్లో ఇచ్చేది మామూలు దురదకి ఇచ్చే డోసు కాదు, రోగనిరోధక శక్తిని అణచే డోసు, కిలో బరువుకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు, రోజుకి రెండు పూటలా, పెద్ద కుక్కలకి డాక్టర్లు కాస్త తగ్గించి ఇస్తారు. ఈ అంకె మీరే లెక్కేసి ఇవ్వడానికి చెప్పట్లేదు, డాక్టర్ ఇంత రాశాడేంటి అని భయపడి మీరు సగం చేసి ఇవ్వకుండా ఉండటానికి చెప్తున్నా. నోరు తెరుచుకునేదాకా, సీకే మామూలు స్థాయికి వచ్చేదాకా ఆ డోసు నడుస్తుంది, ఎక్కువగా మూడు నాలుగు వారాలు. ఆ తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ రోజు విడిచి రోజు అనే స్థాయికి తెచ్చి మొత్తం నాలుగు నుంచి ఆరు నెలలు, కొన్ని కుక్కలకి ఇంకా ఎక్కువ కాలం నడుస్తుంది.

ఇక్కడే ఎక్కువ కుక్కలు దెబ్బతింటాయి. ఒక ఇంజెక్షన్ వేస్తారు, రెండు రోజుల్లో కుక్క లేచి తింటుంది, ఇంట్లో అందరికీ సంతోషం, స్టెరాయిడ్ మంచిది కాదటగా అని పక్కింటాయన ఒక మాట అంటాడు, మందు ఆపేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ బిగుసుకుంటుంది, ఈసారి ఇంకాస్త కండ పోతుంది, మళ్లీ ఇంకో ఇంజెక్షన్, ఇలా నాలుగుసార్లు జరిగేసరికి మిగిలేది మచ్చే. స్టెరాయిడ్ అంటే భయం నాకూ తెలుసు, కానీ ఈ జబ్బులో ముక్కలు ముక్కలుగా వాడిన స్టెరాయిడ్ కంటే ఒక్కసారి సరిగ్గా పూర్తిగా వాడింది వెయ్యి రెట్లు నయం. ఇంకోటి, పెద్ద డోసు వాడుతూ ఒక్కసారిగా ఆపితే కుక్క ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రలో ఉంటుంది కాబట్టి వాంతులు, నీరసం, కుప్పకూలిపోవడం జరగొచ్చు. ఊరెళ్తున్నా, పెళ్లికెళ్తున్నా, చూసుకునేవాళ్ల చేతిలో తారీకులు రాసిన కాగితం పెట్టి వెళ్లండి.

మందు వల్ల నీళ్లు తెగ తాగుతుంది, ఇంట్లో ఉచ్చ పోస్తుంది, ఆకలితో చెత్తబుట్ట దాకా వెళ్తుంది, రొప్పుతుంది. నీళ్లు తగ్గించకండి, రాత్రి ఒకసారి ఎక్కువ బయటికి తీసుకెళ్లండి, తిట్టకండి, దాని చేతిలో లేని పని. మలం నల్లగా తారులా వస్తే కడుపులో పుండు పడి రక్తం పోతున్నట్టు, వెంటనే డాక్టర్. అందుకే స్టెరాయిడ్ నడుస్తుండగా మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు కలిపి ఇవ్వకూడదు, మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ అయితే అసలే వద్దు. స్టెరాయిడ్ వల్ల కూడా కండలు కాస్త తగ్గుతాయి, కాబట్టి తల సన్నబడిందంటే అది జబ్బా మందా అనేది నోరు ఎంత తెరుస్తోంది అనేదాన్ని బట్టి, సీకేని బట్టి డాక్టర్ తేలుస్తారు.

కొన్నిటికి స్టెరాయిడ్ ఒక్కటే సరిపోదు, లేదా దుష్ప్రభావాలు తట్టుకోలేవు, అప్పుడు రోగనిరోధక శక్తిని అణచే వేరే మందులు, అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్, మైకోఫెనోలేట్ లాంటివి కలుపుతారు. అజాథయోప్రిన్ వాడితే రక్తకణాలు, లివర్ ఎప్పటికప్పుడు చూపించుకోవాలి. ఆ మాత్రని చేత్తో నలపకండి, గ్లవ్స్ వేసుకోండి, గర్భంతో ఉన్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు.

నోరు తెరవని కుక్కకి ప్రెడ్నిసొలోన్ మాత్ర వేయడం ఎలా అంటే, డాక్టర్‌ని అడిగి పొడి చేసి రెండు స్పూన్ల పల్చటి తిండిలో కలిపి, ఆకలి మీద ఉన్నప్పుడు ముందు అదే నాకించి తర్వాత మిగతా తిండి పెట్టండి. గిన్నె మొత్తంలో కలిపేస్తే సగం వదిలేసినప్పుడు ఎంత మందు పోయిందో తెలియదు. పిల్లల సిరప్ కొంటే లేబుల్ మీద జైలిటాల్ ఉందేమో చూడండి, అది కుక్కలకి విషం.

తిండి

చాలా కుక్కలకి అర అంగుళం సందు ఉన్నా నాలుకతో లాక్కుని తాగగలవు. కాబట్టి పని మీ మిక్సీదే. మెత్తగా ఉడికించిన చికెన్, మెత్తగా ఉడికిన అన్నం, కొంచెం గుమ్మడికాయ, ఉడికించిన నీళ్లతో సహా మిక్సీ పట్టి, జావలాగా జారేలా చేయండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏవీ వద్దు. ఇంటి వంట వల్ల అన్ని పోషకాలూ అందవు కాబట్టి రోజూ తినే డాగ్ ఫుడ్‌ని వేడినీళ్లలో నానబెట్టి అదే మిక్సీ పట్టినా బాగుంటుంది, జబ్బుపడ్డ కుక్కల కోసం దొరికే మెత్తటి క్యాన్ ఫుడ్ అయితే ఇంకా మంచిది. రోజుకి నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా. లోతు గిన్నె కాకుండా వెడల్పు పళ్లెం, దాన్ని పీట మీద పెట్టండి, మూతి ముంచక్కర్లేకుండా నాలుక అందితే చాలు. మా పిల్లకి స్టీలు పళ్లెంలో జావ జారిపోతుంటే రబ్బరు మ్యాట్ మీద పోశాం, చక్కగా నాకింది.

సిరంజితో పట్టాల్సి వస్తే బుగ్గ పక్కనుంచి పళ్ల వెనక సందులోకి కొంచెం కొంచెం వదలాలి, ప్రతిసారీ మింగిందాకా ఆగాలి, తల మాత్రం పైకి ఎత్తకూడదు. ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తాగాక దగ్గు, ఆయాసం, జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు. ఒక రోజంతా ఏమీ లోపలికి పోకపోతే డాక్టర్‌ని ఫీడింగ్ ట్యూబ్ గురించి అడగండి, మెడ పక్కనుంచి వేసే ట్యూబ్‌తో మందులూ తిండీ రెండూ సులువుగా ఇవ్వొచ్చు. ట్యూబ్ అనగానే ఇక అయిపోయింది అనుకునేవాళ్లు ఉన్నారు, అది అలా కాదు, నోరు తెరుచుకోగానే తీసేస్తారు.

ప్రతి వారం బరువు చూసి రాసుకోండి. ఇంట్లో మిషన్ ఉంటే కుక్కని ఎత్తుకుని ఎక్కి మీ బరువు తీసేస్తే సరిపోతుంది.

ఎండాకాలం గురించి తప్పకుండా చెప్పాలి

కుక్క ఒంటి వేడి పోగొట్టుకునేది ప్రధానంగా రొప్పడం ద్వారానే. నోరే సరిగ్గా తెరుచుకోని కుక్క రొప్పలేదు, అందులోనూ మన విజయవాడ, రామగుండం ఎండల్లో. కాబట్టి పొద్దు పొడవకముందే వాకింగ్ అయిపోవాలి, పగలు ఫ్యాన్ గానీ కూలర్ గానీ ఉన్న గదిలో గచ్చు మీద పడుకోనివ్వండి, కరెంటు పోతే తడిగుడ్డతో పొట్ట, తొడల లోపల, పాదాలు తుడవండి. కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దు. మూతికి గట్టిగా బిగించే బట్ట చిక్కం ఎవరు కట్టబోయినా వద్దని చెప్పండి, గ్రూమింగ్ దగ్గరైనా ఎక్కడైనా. వాంతి వచ్చినా బయటికి పోయే దారి ఉండదు.

దవడకి వ్యాయామం

నొప్పి తగ్గి మందు పనిచేయడం మొదలయ్యాకే ఇది, అంతకుముందు కాదు. ఉద్దేశం ఏంటంటే కుక్క తనంతట తానే నోరు వాడాలి, మనం లాగకూడదు. మెత్తటి బంతి, మెత్తటి గుడ్డ బొమ్మ, తర్వాత కాస్త పెద్దది, తాడుతో మెల్లగా టగ్ ఆట (అది లాగాలి, మీరు ఊరికే పట్టుకోవాలి), ఇంకొన్నాళ్లకి నమిలే బొమ్మలు. ఇవన్నీ వదిలేస్తే వాపు తగ్గినా కండ బిగుసుకునే ఉండిపోతుంది. డాక్టర్ ఒప్పుకుంటే కణతల మీద గోరువెచ్చటి గుడ్డ కాపడం అయిదు పది నిమిషాలు, మీ మోచేతి మీద పెట్టి వేడి చూసుకున్నాకే. చాలా కుక్కలకి అది హాయిగా ఉంటుంది, కళ్లు మూసుకుని కూర్చుంటాయి. కర్ర పుల్లలు, గట్టి ఎముకలు మాత్రం ఇవ్వకండి.

ఎంత తెరుస్తోందో లెక్క పెట్టుకోవడానికి ఆవలించేటప్పుడో బొమ్మ కరిచేటప్పుడో పక్కనుంచి ఫోటో తీయండి. పై ముందుపళ్లకి కింది ముందుపళ్లకి మధ్య దూరం డాక్టర్ స్కేలుతో కొలుస్తారు, ప్రతి విజిట్‌లో అది రాయించుకోండి. మందు డోసు తగ్గించిన ప్రతిసారీ తర్వాత రెండు వారాలు కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి, ఆవలింత చిన్నదైందా, ముద్ద జారిందా అని. అనుమానం వస్తే అదే రోజు ఫోన్ చేయండి, జబ్బు తిరగబెట్టినప్పుడు ఎంత తొందరగా డోసు సరిచేస్తే అంత మంచిది.

ఎంతవరకు బాగవుతుంది అంటే, వాపు దశలోనే సరైన డోసు పడిన కుక్కలు చాలావరకు మామూలుగా తినగలిగే స్థితికి వస్తాయి. తల మీద గుంటలు కొంత ఉండిపోవచ్చు, అది చూడటానికే, దానికి నొప్పి ఉండదు. ఆలస్యమై మచ్చ బాగా కట్టేసిన వాటికి నోరు సగమే తెరుచుకోవచ్చు, అయినా మెత్తటి తిండితో ఏళ్ల తరబడి సంతోషంగా బతికే కుక్కలు ఉన్నాయి, వాటిని చూసి ఎవరైనా జాలిగా నిద్రపుచ్చేయండి, అంటే ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించేయండి అంటే తొందరపడొద్దు, దానికి ఆకలి ఉందా, ఆడుతోందా, నొప్పి అదుపులో ఉందా అనేది చూసి డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి.

మందులు నడుస్తున్నన్నాళ్లు రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది కాబట్టి పేలకి, గోమార్లకి ఇచ్చే మాత్ర నెల తప్పకుండా పడాలి, ఉచ్చలో మంట, చర్మం మీద జుట్టు ఊడిన మచ్చలు కనిపిస్తే చూపించాలి. వ్యాక్సిన్ తారీకు దగ్గరికొస్తే మీ అంతట మీరు వేయించకండి, మానేయకండి కూడా, ముఖ్యంగా రేబిస్‌ది, ఎప్పుడు వేయాలో వైద్యం చేస్తున్న డాక్టర్‌నే అడగండి. ఈ జబ్బు వచ్చిన కుక్కతో పిల్లలు పెట్టించొద్దు, కొన్ని జాతుల్లో ఇది కుటుంబాల్లో నడుస్తున్నట్టు కనబడింది. మీరు కూనని ఎక్కడ కొన్నారో ఆ బ్రీడర్‌కి కూడా ఫోన్ చేసి చెప్పండి, దాని తోబుట్టువులు ఇంకెవరి ఇంట్లోనో ఉంటాయి, వాళ్లు కూడా ఇప్పుడు పంటి నొప్పి అనే అనుకుంటూ ఉండొచ్చు.